పరీక్ష మధ్యలో పోయిన నెట్

మా యూనివర్సిటీలో కంప్యూటర్లు బాగుచేసే మేమంతా కాంట్రాక్టు వాళ్ళం. శిక్షణ తరగతుల చివర పెట్టే ఆన్‌లైన్ పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఉంటుందన్నారు. శిక్షకుడు చూపించిన స్లైడ్లు వరసగా పరిస్తే నరసన్నపేట నుంచి ఒడిశా దాకా వచ్చేవి. అవన్నీ బట్టీ పట్టాం.

పరీక్ష మొదలైన కాసేపటికే నెట్ పోయింది. మరొకరైతే కుర్చీలోంచి కదిలేవారు కాదు. మేము మాత్రం క్యాంపస్ తగలబడుతున్నట్టు ఒక్కుమ్మడిగా సర్వర్ గదికి పరుగెత్తాం. ఎలక కొరికిన కేబుల్ మార్చాం. అక్కడితో ఆగామా? అలవాటుకొద్దీ ప్రతి డిపార్టుమెంటుకూ ఫోన్ చేసి, "నెట్ వచ్చిందా అండీ?" అని వినయంగా అడిగాం.

యుద్ధం గెలిచినట్టు తిరిగొచ్చేసరికి అందరి తెరల మీదా "సమయం ముగిసింది" అని ఉంది.

"సార్, మళ్ళీ పెట్టండి. పిల్లలున్నోళ్ళం," అంటూ శిక్షకుడి కాళ్ళమీద పడినంత పనిచేశాను.

"నెట్ లేనంతసేపూ టైమ్ ఆగే ఉందండీ. నెట్ వచ్చాక మీరే రాలేదు," అన్నాడాయన. "నా చేతిలో ఏమీ లేదు."

నా పక్క సీటు మిత్రుడు లేచాడు. "బావా, ఆ కేబుల్ మళ్ళీ పీకీసి వస్తాను. టైము ఆగుతాది."

"ఇంకేటి ఆగుతాదిరా, అయిపోనాది కదా!"

వాడు వినలేదు. సర్వర్ గదివైపు పరుగెత్తాడు. అలవాటుకొద్దీ వాడి వెనకే నేనూ పరుగెత్తాను.