పై అంతస్తులో కాపురం

మా ఇంటి ఓనర్ ప్రేమ్‌సాగర్ గారిని ఏమడిగినా ఒకటే జవాబు: "ఎందుకు అడుగుతున్నవ్?"

నీళ్లొచ్చాయా సార్ అంటే అదే మాట. టైమెంతయింది అన్నా అదే. చిక్కడపల్లిలో కళ్ల డాక్టరు గోడ మీది బోర్డు చూపించి "ఇదేం అక్షరం?" అంటే కూడా అదే అన్నారట. డాక్టరు కొత్త అద్దాలు రాయకుండానే పంపించేశాడు.

అశోక్ నగర్‌లో, కోచింగ్ పిల్లల హాస్టళ్ల మధ్య ఆయన ఇల్లు. కింద ఆయన, మధ్యలో మేము, పైన ఇంకో పోర్షన్. దిగిన రోజే అడిగాను.

"పైన ఎవరైనా ఉంటారా సార్? మా ఆయనది టూర్ల ఉద్యోగం. మా పాప పల్లవిని పెట్టుకుని ఒక్కదాన్నే ఉండాలి. పైన ఖాళీగా ఉంటే నాకు భయం."

"ఎందుకు అడుగుతున్నవ్?"

"ఇప్పుడే చెప్పాను కదా సార్!"

మర్నాడు పై బాల్కనీ తీగ మీద బట్టలు కనిపించాయి. లుంగీ, చీర, పసుపు రంగు చిన్న గౌను. సాయంత్రం లైటు వెలిగింది. పల్లవికి తోడు దొరికిందని కుదుటపడ్డాను.

అయితే నెలలు గడిచినా ఆ గౌను తాలూకు పిల్ల కిందికి దిగలేదు. దానికి తోడు డాబా మీది నుంచి కర్ణకఠోరమైన పక్షి అరుపులు. డాబాకు ఎప్పుడూ తాళం.

"సంచులల్ల ఏందో మోస్తుండమ్మా సారు. పిట్టల దందా అనుకుంట" అంది పనిచేసే ఆశమ్మ.

మైక్రోబయాలజీ చదివిన తల్లికి నిద్ర పట్టకుండా చేయాలంటే 'బర్డ్ ఫ్లూ' అన్న మాట చాలు. పల్లవి తుమ్మితే ఉలిక్కిపడేదాన్ని. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేద్దామని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పేశాను.

ఆదివారం డాబా తలుపు తెరిచి ఉంది. రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుని ఎక్కాను. ఎండలో వరసగా తెల్లటి పక్షులు, నెత్తిన నల్ల టోపీలు. ఒక్కటీ కదలదు. పక్కనే ఒక స్పీకర్ అరుస్తోంది. ప్రేమ్‌సాగర్ గారు ఒక ముక్కుకు రంగు వేస్తున్నారు.

"చచ్చిపోయాయా సార్ ఇవి?"

"ఎందుకు అడుగు..."

"ఖాళీ చేస్తున్నాం, అందుకు అడుగుతున్నా!"

కుంచె ఆగింది. మొదటిసారి జవాబొచ్చింది.

"చెక్కవమ్మా. గోదావరి సముద్రంల కలిసే కాడ చిన్న ఇసుక లంక ఉంది. టర్న్‌లని, ఈ పిట్టలు ఒట్టి ఇసుక మీదనే గుడ్లు పెడ్తయి. పోయిన యేడు ఎవడో ఫోటో తీసి, జాగ పేరుతోని ఫోన్ల పెట్టిండు. ఇగ పడవలల్ల పిక్నిక్‌కు దిగిండ్రు. గుడ్లన్ని కాళ్ల కింద పోయినయి. పిట్టలు మళ్ల రాలే."

"అందుకేనా ఎవరికీ ఏదీ చెప్పరు?"

"గట్ల అలవాటైంది."

"మరి ఈ బొమ్మలు?"

"పక్కన ఇంకో లంక ఉంది, మనుషులు పోరు. కాని పిట్టలకు నాకంటె అనుమానం ఎక్కువ. ఖాళీ జాగల దిగయి. ఇవి నిలబెట్టి అరుపులు వినిపిస్తె, 'మనోళ్లు కాపురం పెట్టిండ్రు, పరేషాన్ లేదు' అనుకొని దిగుతయి. అటవీ శాఖోళ్లు రమ్మన్నరు. వచ్చే వారం పోతున్న."

"ఏ లంక సార్?"

"ఎందుకు అడుగుతున్నవ్?"

నవ్వుకుంటూ మెట్లు దిగాను. పై పోర్షన్ దగ్గర కాళ్లు ఆగాయి. తీగ మీద అదే లుంగీ, అదే చీర, అదే గౌను. ఎండకు వెలిసి పసుపు తెల్లబడుతోంది. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే ఒట్టి గది, మధ్యలో ఒక బల్బు.

'పైన ఖాళీగా ఉంటే నాకు భయం.' నా మాటే నాకు వినిపించింది.

తలెత్తాను. ప్రేమ్‌సాగర్ గారు కుంచె పట్టుకుని, దొరికిపోయిన దొంగలా డాబా గుమ్మంలో నిలబడ్డారు.

"సార్, ఈ పోర్షన్‌లో ఎవరుంటారు?"

"ఎందుకు... అడుగుతున్నవ్?"

"ఊరికే. పాపం, వాళ్ల పిల్ల గౌను వెలిసిపోయింది. పల్లవిది పాతది ఒకటి పంపిస్తాను."

ఆయన ఒక మెట్టు కిందికి దిగారు.

"ఏం రంగు?"

"ఎందుకు అడుగుతున్నారు?" అన్నాను.