అట్ట కింద నాలుగు పంక్తులు

పదో తరగతి పరీక్ష నేను మూడుసార్లు రాశాను. నాలుగోసారి వెళితే ఆ బెంచీ నా పేరున రాసిచ్చేస్తారేమోనని భయపడి మానేశాను. అలాంటివాడిని ఈ పొద్దున పిస్కాటవే అనే ఊళ్ళో, ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో వాల్‌నట్ కర్ర కోస్తూ నిలబడ్డాను. రంపం కింద నుంచి లేచిన పొడి వాసన, కొంచెం చేదుగా, వేయించిన కాఫీగింజల్లా ముక్కుకు తగలగానే స్తోయన్ గారు గుర్తొచ్చారు. ఆయన గుర్తురాని రోజంటూ లేదు. ఈ వాసన వస్తే మాత్రం చేతిలో పని ఆగిపోతుంది.

ఆయన ఈ దుకాణం యజమాని, బల్గేరియా దేశస్థుడు. నేను మా ఆవిడ సుజాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చినవాడిని. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఇంట్లో వంట చేశాను. వచ్చాక మా పెళ్ళి ఫొటోకి ఫ్రేము కట్టించుకుందామని ఇక్కడికొచ్చాను. "ఇందులో నీ ముఖం ఎందుకలా ఉంది?" అని అడిగారాయన. "పెళ్ళికూతురి డిగ్రీ మార్కులు అప్పుడే చెప్పారు సార్" అన్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

కొలతలు తీయడం, అద్దం కోయడం, అద్దానికీ బొమ్మకీ మధ్య కిటికీలా కోసిపెట్టే మందపాటి అట్టకు ఏటవాలు అంచు తేవడం, అన్నీ ఆయన నేర్పినవే. నా చదువు సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. పైగా ఆయనే చదివి వినిపించేవారు. బల్ల పైన గోడకి నాలుగు పిన్నులతో ఒక పొడుగాటి కాగితం ఉండేది. సుమారు ఆరువందల యాభై ఏళ్ళ కిందట వాళ్ళ రాజు ఒక ఆర్థడాక్స్ మఠానికి భూములు దానం చేస్తూ రాయించిన పత్రానికి అది నకలు. మధ్యాహ్నం టీ తాగుతూ, వేలు పెట్టి ఒక్కో పంక్తీ ఇంగ్లీషులో చెప్పేవారు. హద్దు ఏ వాగు దగ్గర మొదలవుతుందో, ఏ గుట్ట ఎక్కి, ఏ పిండిమర పక్కగా దిగి మళ్ళీ వాగుకు చేరుతుందో అన్నీ అందులో ఉన్నాయి. ద్రాక్షతోటలు, పచ్చిక బీళ్ళు, చేపలు పట్టే చోట్లు కూడా. రాజుగారి ఉద్యోగులెవరూ ఆ ఊళ్ళలో అడుగుపెట్టకూడదట, రొట్టె అడగకూడదట, కోడిని పట్టుకుపోకూడదట. చివర నాలుగు పంక్తుల శాపం: ఈ దానాన్ని చెరిపినవాడు దేవుడి ముందు ద్రోహుల వరసలో నిలబడాలని. దాని కింద ఎర్రసిరాతో రాజు సంతకం.

"మా రాజులూ అంతే బాస్. రాగిరేకు మీద హద్దులు చెక్కించి, ఈ భూమి లాక్కున్నవాడు పెంటలో పురుగై పుడతాడని రాయించేవాళ్ళు" అన్నాను.

ఆయన కప్పు దించి, "అయితే ఇద్దరూ ఒకే లాయరు దగ్గరికి వెళ్ళారన్నమాట" అన్నారు.

ఆ పత్రంలోని ఊళ్ళలో ఒకటి ఆయన పుట్టిన ఊరు. ఆ పేరు మీద వేలు కాసేపు ఆపేవారు. ఇప్పుడెలా ఉందని నేనెప్పుడూ అడగలేదు. మా ఊరి గురించి మాత్రం గంటలు చెప్పేవాడిని.

గుండె జబ్బు ముదిరి చేతులు వణకడం మొదలయ్యాక, ఆ కాగితాన్ని తమ చర్చి హాలుకు ఇవ్వాలనుకున్నారు. "నువ్వే కట్టు. ముందు చూడను. అక్కడే చూస్తాను" అన్నారు. నా చేతికి అంత నమ్మకంగా ఎవరూ ఏదీ ఇవ్వలేదు. అందుకే తెలివి ఉపయోగించాను. ఆ హాల్లో పిల్లల పుట్టినరోజులు, పెళ్ళి విందులు చేస్తారు. మన ఇళ్ళలో గోడ మీద అశుభం మాట రాసుకుంటామా? అందుకని అట్టకు రెండు కిటికీలు కోశాను. పైన పెద్దది హద్దులకి, కింద చిన్నది ఎర్ర సంతకానికి. మధ్యలో ఉన్న నాలుగు పంక్తులూ అట్ట కిందికి వెళ్ళిపోయాయి.

సుజాత చూసి, "ఏవండీ, ఆయన్ని ఒక్కమాట అడిగారా? కాల్ చేయండి, టూ మినిట్స్ పని" అంది.

"సర్‌ప్రైజ్ పాడైపోతుందే."

"మీ సర్‌ప్రైజులు నాకు అలవాటే గానీ, ఆయన హార్ట్ పేషెంటండీ."

ఆదివారం ప్రార్థన అయ్యాక, హాలునిండా ఉన్న జనం ముందు ఫ్రేము మీది గుడ్డ తొలగించారు. చప్పట్లు. స్తోయన్ గారు చేతికర్రతో దగ్గరికి వెళ్ళి, అద్దం మీద వేలితో ఒక్కో పంక్తీ దిగుతూ వచ్చారు. అట్ట దగ్గర వేలు ఆగింది. నావైపు తిరిగారు. నాకు మౌనం పడదు. "శాపాలు పార్కింగ్‌లో వదిలేసి వచ్చాను బాస్!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

కారులో ఇంటికి దింపుతుంటే చెప్పారు. "మా ఊరు నీళ్ళ కింద ఉంది. నాకు పదకొండేళ్ళప్పుడు ఆనకట్ట కట్టారు. చర్చి గంట దించుకోవడానికి టైమిచ్చారు, చేలో పంటకి ఇవ్వలేదు. ఎవరూ నోరెత్తలేదు. మా నాన్న కూడా. మా తరఫున కోప్పడినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ నాలుగు పంక్తుల్లో. అతన్ని నువ్వు అట్ట కింద పెట్టేశావు."

"శనివారం విప్పి కొత్త అట్ట వేస్తాను బాస్."

"నేనూ వస్తాను. దగ్గరుండి చూస్తాను."

ఆ శనివారం ఎవరిదో అరంగేట్రం ఫొటోలు అర్జంటన్నారు. తర్వాతి శనివారం ఫ్రెండు గృహప్రవేశం. మూడోది ఏమిటో గుర్తుకూడా లేదు. ప్రతిసారీ ఫోన్లో ఏదో జోకు వేసి తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ హాల్లో ఆయన పక్కన, నవ్వించకుండా ఊరికే నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. మూడు శనివారాలూ ఆయన కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారని తర్వాత తెలిసింది. నాలుగో శనివారం ఆయన్ని సమాధి చేశాం.

ఇప్పుడు ఎవరు ఏ కాగితం తెచ్చినా, ఏ అంచుదాకా కనబడాలో అడిగి రాసుకున్నాకే కత్తి పడతాను. రెండు కిటికీల పాత అట్ట నా బల్లకెదురుగా ఉంది. కస్టమర్లు అదేమిటని అడుగుతారు. జోకులు మానలేదు గానీ, ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జోకు లేదు.

సమాధి చేసిన మరుసటి వారమే ఒకే కిటికీతో కొత్త అట్ట కోసి, ఆయన భార్య మరియా గారితో కలిసి ఆ హాలుకు వెళ్ళాను. వాల్‌నట్ ఫ్రేము విప్పి, అట్ట మార్చి, మళ్ళీ గోడకెక్కించాను. ఆవిడ ఆ నాలుగు పంక్తులూ పైకే చదివారు. నేను పనిముట్లు సర్దుకుంటూ అలవాటైన దారిలోకే పారిపోయాను.

"ఈ శాపం మొదట నాకే తగులుతుందేమో మేడమ్" అన్నాను.

ఆవిడ ఫ్రేము మూల సరిచేస్తూ, నావైపు చూడకుండానే అన్నారు: "అది భూమి లాక్కున్నవాళ్ళకి. నువ్వు లాక్కున్నవి మూడు శనివారాలు. వాటికి రాజు ఏమీ రాయలేదు."