మణికట్టు పట్టు

పోయిన ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు, మా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు రెండో గోలు తిన్నది. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, నా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ అల్లుడు రమేశ్ గడియారం చూసుకుని, "ఇంగా హాఫ్ టైము గూడా కాలేదు గదత్తా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మాంచెస్టర్‌లో నవంబరు నెల ఎలా ఉంటుందో అలాగే ఉంది, పైనుంచి కురిసేది వానో మంచో తెలియకుండా. నా మనవరాలు మేఘన ఆడే జట్టు చిన్న జట్టు. చూడటానికి వచ్చేది ఆడేవాళ్ల అమ్మానాన్నలూ, కుక్కల్ని తిప్పడానికి వచ్చి ఆగిపోయినవాళ్లూ, నాలాంటి ముసలివాళ్లూ. ఎదుటి జట్టు పిల్ల మా ఎడమ పక్క నుంచి దూసుకుపోయేటప్పుడు దాని బూట్లు గడ్డిని పెళ్లగించాయి. అరచేతంత మట్టిపెళ్ల ఎగిరి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. వంగి, తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముసలిదానికి మతి పోయిందని అనుకునే ఉంటారు. అనుకోనీ. తడిమట్టి, తెగిన వేరు, నలిగిన ఆకు. అది వేరుశనగ చెట్టు పీకినప్పుడు వచ్చే వాసన. అరవై ఏళ్లయింది ఆ వాసన ముక్కుకు తగిలి.

నాకు తిప్పి తిప్పి రాయడం రాదు. అక్షరాలే అరవై దాటాక వచ్చాయి. మేఘన చిన్నప్పుడు దాన్ని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకుపోయేదాన్ని. ఒక హాలు అద్దెకు తీసుకుని పెట్టిన క్లాసు. పిల్లలు ముందు కుర్చీల్లో, తోడు వచ్చినవాళ్లం గోడ వారగా. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ ఒక పలక తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి మేఘన క్లాసు మానేసి బంతి పట్టింది. నేను మానలేదు. కాబట్టి ఇది నా చేత్తో నేను రాస్తున్నది. తప్పులుంటే దిద్దుకోండి.

మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. దీపావళి దగ్గర పడుతోందంటే శెనక్కాయ పీకుడు మొదలయ్యేది. ఎర్రనేల పదునుగా ఉన్నప్పుడే పీకాలి, ఎండితే కాయ నేలలోనే ఉండిపోతుంది. అందుకని ఊరంతా చేలల్లోనే తెల్లారేది. పీకిన చెట్లను కట్టలు కట్టి, తలకెత్తుకుని కళ్లానికి చేర్చేవాళ్లం. ఆడవాళ్లూ ఆడపిల్లలూ ఆ కుప్పల చుట్టూ గుండ్రంగా కూర్చుని కాయలు కోసేవాళ్లు. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి, నోట్లో పచ్చికాయల పాలు, కొంగుల నిండా ఆకుల తుంపులు, పక్కనే మూడు రాళ్ల మీద ఉప్పునీళ్లలో ఉడుకుతున్న కాయల ఆవిరి. మధ్యాహ్నం సంగటి ముద్ద, గోంగూర పచ్చడి. పండగ నాలుగు రోజుల ముందు నుంచీ ఇళ్లల్లో కర్జికాయలు వండేవాళ్లు. అందులో కూరేది కొత్త శెనక్కాయ పొడి, బెల్లమూ కాబట్టి ఊరంతా ఒకటే వాసన, చేలోనూ ఇంట్లోనూ.

పొద్దు వాలేముందు పనాపి, కాయలు కోసిన ఆకు మెత్తగా పరుచుకున్న ఆ కళ్లంలోనే ఆడపిల్లలం చెడుగుడు ఆడేవాళ్లం. మగపిల్లలు ఆడేది ఊరి ముందర, మేము ఆడేది కళ్లంలో. ఎవరి ఆట వాళ్లది. మాకు పెద్ద దిక్కు ఓబులవ్వ. మొగుడు లేదు, పిల్లలు లేరు, నోట్లో ఆకువక్క తప్ప ఇంకేమీ లేదు. కుప్ప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఆట మొత్తం నడిపేది. కూత పెట్టుకుంటూ వచ్చిన పిల్లను చుట్టేయడానికి మేము ఏడుగురం చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడాలి. ఆ గొలుసుకు ఓబులవ్వ పెట్టిన కట్టడి ఒకటే. మణికట్టు పట్టుకోవాలి, వేళ్లు పట్టుకోకూడదు. నీ చెయ్యి దాని మణికట్టు మీద, దాని చెయ్యి నీ మణికట్టు మీద. ఎవరైనా వేళ్లు పట్టుకున్నట్టు కనిపిస్తే కుప్ప మీద నుంచి మట్టిగడ్డ వచ్చి వీపున తగిలేది.

"ఏళ్లు పట్టుకోనేదానికి ఇదేం పెండ్లి కాదే! సెమట పడితే జారిపోతాది, మణికట్టు పట్టుండే!" అని అరిచేది.

మాలో గంగమ్మ పెద్ద ఆటగత్తె. అది కూతకు పోతే ఇద్దరినైనా కొట్టకుండా వచ్చేది కాదు. ఊరంతా గంగమ్మ మాటే. గొలుసులో నిలబడేవాళ్ల పేర్లు ఎవరికీ పట్టేవి కావు. ఆ పట్టని వాళ్లలో నరసమ్మ ఒకతి. తల్లి లేని పిల్ల. తండ్రితో కూలికి వచ్చేది. పగలంతా నోరు విప్పేది కాదు. గొలుసులో నిలబడితే మాత్రం దాని పట్టు ఉడుంపట్టు. నా ఎడమ పక్కన ఎప్పుడూ అదే ఉండేది. "లచ్చీ, నువ్వు భయపడాకు, నేనుండా" అనేది. దాని నోట నేను విన్న పెద్ద మాట అదే.

దీపావళికి ముందు రోజు ఎగువపల్లి ఆడపిల్లలు పందేనికి వచ్చారు. గెలిచినవాళ్లకు బెల్లం అచ్చు. అదే రోజు పొద్దున గాజుల శెట్టి వస్తే, మా అమ్మ నా రెండు చేతులకూ డజను డజను పచ్చగాజులు వేయించింది. నా బతుకులో మొదటిసారి కొత్తగాజులు. అంతకు ముందు వేసుకున్నవన్నీ మా అక్కకు బిగువైనవే. ఆడేముందు తీసేయమని ఓబులవ్వ చెప్పింది. కొత్తవి, రావడం లేదని అబద్ధం చెప్పి, రవిక చేతుల కిందికి తోసుకున్నాను. అవి నిలుస్తాయా? గొలుసు కట్టగానే మళ్లీ మణికట్టు మీదికి జారాయి. నరసమ్మ నా మణికట్టు పట్టబోయింది. నేను చెయ్యి కిందికి లాక్కుని వేళ్లు ఇచ్చాను. అది ఒకసారి నా మొహంలోకి చూసి, వేళ్లే పట్టుకుంది.

ఎగువపల్లి కోనమ్మ కూతకు వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల. చుట్టేశాం. అది అటూ ఇటూ చూసి మా ఇద్దరి నడుమకు దూకింది. నా వేళ్లు నరసమ్మ చేతిలోంచి, నూనె రాసిన తాడులా, జారిపోయాయి. ఆ ఊపుకు నరసమ్మ వెల్లకిలా పడింది. నేను నిలబడే ఉన్నాను. కోనమ్మ గీత తాకింది, బెల్లం అచ్చు ఎగువపల్లికి పోయింది.

పడినదే వదిలిందని అందరూ అనుకున్నారు. ఓబులవ్వ కుప్ప దిగి వచ్చి నన్నే అడిగింది. "లచ్చీ, నువ్వు పట్టుకునింటివా?"

"నేను పట్టుకోనే ఉంటి అవ్వా" అన్నాను.

అంతే, అదే నేను అన్న మాట. ఆ తర్వాత పది రోజులు కాయలు కోస్తూ ఆడవాళ్లు చేసిన చర్చ ఇప్పటి టీవీల్లో కూడా జరగదు. గంగమ్మను గొలుసు నడుమ పెట్టింటే ఎట్లుండు, ఏడుగురూ ఒకే వరసన కాకుండా ముగ్గురు ముందు నలుగురు వెనక నిలబడింటే ఎట్లుండు అని. ఏ దారిన పోయినా చివరికి ఒక్క చోటికే వచ్చేవాళ్లు: నరసీ చెయ్యి గట్టిది కాదు. దాన్ని గొలుసులోంచి తీసేశారు. మిగతా పిల్లలం ఆడుతుంటే అది మాకు వీపు పెట్టి, కుప్ప దగ్గర ఒక్కతే కాయలు కోసేది. ఒకరోజు నేను ఉడికిన కాయలు దోసెడు తీసుకుని దాని దగ్గరికి పోయాను. తీసుకుంది. నా చేతుల వంక చూసి, "గాజులు బాగుండాయి లచ్చీ" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్ని.

ఇక్కడ, ఆదివారం ఆట మూడు సున్నాతో పోయింది. మూడు గోల్సూ ఎడమ పక్క నుంచే. ఆ పక్క వెనక కాపలా కాసేది జోయీ అనే పిల్ల, మేఘన స్నేహితురాలు. దాని ముందర, అదే పక్క, వింగర్‌గా ఆడేది మేఘన. మేఘన మా జట్టులో గంగమ్మ. గోల్సన్నీ తనే కొడుతుంది. ఆ రోజు పెద్ద క్లబ్బు నుంచి ఎవరో నోటుబుక్కు పట్టుకుని చూడటానికి వచ్చారని పొద్దుటి నుంచీ ఇంట్లో ఒకటే హడావుడి.

సాయంత్రం మా ఫ్లాట్‌లో మిరపకాయ బజ్జీలు వేశాను. నా కూతురు సుజాత ఆ వారం డ్యూటీ పడి ఆసుపత్రికి పోయింది. రమేశ్ స్నేహితుడు డాక్టర్ నరేశ్ వచ్చాడు. వరంగల్ పిల్లవాడు, ఆటంటే పడి చస్తాడు. ఇద్దరూ పళ్లెంలో బజ్జీలను జట్టులా పేర్చి చర్చ మొదలుపెట్టారు.

"నలుగురిని ఎనక పెట్టడమే తప్పు. ముగ్గురే ఉండల్ల" అన్నాడు రమేశ్.

"ముగ్గురు గాదు, ముప్పై మందిని పెట్టినా గంతే అన్నా. గా జోయీని ముందుగాల తీసెయ్యాలె. ఆ పిల్ల కాళ్లల్ల బలమే లేదు."

"మంగళవారం ప్రాక్టీసులో తీసేస్తారంట. కోచ్ అన్నాడంట గదా, మేఘనా?"

మేఘన సోఫాలో మూలకు ఒదిగి గోళ్లు చూసుకుంటోంది. "ఐ డోంట్ నో, డాడ్" అంది.

"తీసేసుడే కరెక్టు" అని నరేశ్ మాట్లాడుతూ మాట్లాడుతూ జోయీగా పెట్టిన బజ్జీ నోట్లో వేసుకున్నాడు.

"లెఫ్ట్ బ్యాక్‌ను తినేస్తివి గదప్పా!" అని రమేశ్ నవ్వాడు. నరేశ్ కూడా నవ్వాడు. మేఘన నవ్వలేదు.

నాకు ఆ చూపు తెలుసు. తల వంచి తన చేతుల్ని తనే చూసుకునే చూపు. నేను ఇంకో బజ్జీ తెచ్చి జోయీ చోట పెట్టాను. దాని ముందరున్న ఖాళీ మీద వేలు పెట్టాను.

"నరేశా, వాళ్లు ముగ్గురు మీద పడేటప్పుడు ఈడ ఎవరుండల్ల?"

నరేశ్ నమలడం ఆపాడు. "గాడనా... వింగర్ దిగి రావాలె అమ్మా."

"వింగర్ ఎవరు?"

రమేశ్ కూతురి వంక చూసి, చూపు తిప్పుకుని, "అది మన స్టార్ గదత్తా, అది ముందరే ఉండల్ల" అన్నాడు.

"అవ్వా, ప్లీజ్" అంది మేఘన. "ఇట్స్ కాంప్లికేటెడ్."

"ఆ మాటకు అర్థం నాకు తెల్దు. నా కండ్లకు కనిపించింది చెబుతా. మూడుసార్లూ నువ్వు నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడి ఉంటివి. ఆ నోటుబుక్కాయప్ప ముందర బురద పూసుకోని ఆయాసపడితే బాగుండదని."

దాని మొహం ఎర్రబడింది. నేను దాని పక్కన కూర్చుని గాజుల సంగతి చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. మా ఆయన పోయాడు, ఆయనకూ చెప్పలేదు. తెలుగులో చెప్పాను, అది తెలుగు మాట్లాడదు గానీ అంతా అర్థమవుతుంది. అల్లుడూ, నరేశూ బజ్జీలు మరిచిపోయి విన్నారు.

"డిడ్ యూ ఎవర్ టెల్ హర్?" అని అడిగింది మేఘన. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వస్తుంది.

"లేదు. మరుసటేడు పెండ్లయి బళ్లారి పక్క పోయింది. మళ్లీ చూడలేదు."

మేఘన ఫోను తీసుకుని, తలుపు తెరుచుకుని మెట్ల మీదికి పోయింది. ఎవరితో మాట్లాడిందో, ఏం మాట్లాడిందో నేను అడగలేదు, అది చెప్పలేదు. అరగంట తర్వాత లోపలికి వచ్చి, చల్లారిన బజ్జీ ఒకటి తీసుకుని, నా భుజానికి ఆనుకుని కూర్చుంది. ముక్కు కారుతోంది. చలికే అనుకున్నాను.

దానికి ఫోను చేయడానికి మనిషి ఉంది. నాకు లేదు. నరసమ్మ ఉందో లేదో తెలియదు. ఆ కళ్లం ఉన్న చోట ఇప్పుడు పెట్రోలు బంకు ఉందని మా తమ్ముడి కొడుకు చెప్పాడు. శెనక్కాయ పీకడానికి ట్రాక్టర్ వస్తోందట, కోయడానికి మిషను వస్తోందట. ఆడపిల్లలు చెడుగుడు ఆడటం ఎవరూ చూసినట్టు లేదు. మణికట్టు పట్టుకోవాలని చెప్పే ఓబులవ్వ ఎప్పుడో పోయింది. ఆ పచ్చగాజులు సంక్రాంతి దాకా కూడా నిలవలేదు, బిందె తగిలి ఒక్కొక్కటే పగిలాయి.

కానీ ఇప్పుడు నాకు పేర్లు రాయడం వచ్చు. మేఘన వాళ్ల ఆట మొదలయ్యే ముందు గోడకు ఒక కాగితం అంటిస్తారు, ఎవరెవరు ఎక్కడ నిలబడతారో. నేనూ అలాగే రాస్తున్నాను. ఆ రోజు కళ్లంలో ఉన్నవాళ్లు వీళ్లు. కుప్ప మీద ఓబులవ్వ. కూతకు వచ్చింది ఎగువపల్లి కోనమ్మ. మా గొలుసులో, ఎడమ చివర నుంచి, గంగమ్మ, సుంకమ్మ, మాబున్ని, పుల్లమ్మ, నరసమ్మ, లచ్చి అనే నేను, నా కుడి పక్కన తిమ్మక్క. గొలుసు తెగింది నరసమ్మకూ నాకూ నడుమ. నరసమ్మ పట్టుకునే ఉంది. వదిలింది నేను.