మాస్టారికి మిగిలిన మాటలు

దయాసాగర్ మాస్టారు పిల్లల మీద ఏనాడూ బెత్తం ఎత్తలేదు. ఇంగ్లీషులో తిట్టేవాడు, అంతే. ఉదయగిరి దగ్గరి ఒక పల్లె హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు టీచరు. జవాబు చెప్పలేని పిల్లవాణ్ణి నిలబెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా "గుడ్ ఫర్ నథింగ్" అనేవాడు. ఇంకాస్త కోపం వస్తే "షేమ్ ఆన్ యూ". అంతకు మించితే "యూ ఆర్ ఎ డిస్‌గ్రేస్".

పెంచలనరసయ్య ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఆ మొదటి తిట్టు తిన్నాడు. అందులో 'గుడ్' ఒక్కటే అతనికి తెలుసు. ఇంటికి పరుగెత్తి, "సారు నన్ను గుడ్ అన్నాడమ్మా" అని చెప్పాడు. వాళ్లమ్మ శీనమ్మ తనతో కూలికి వచ్చిన వాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకుంది. కొన్నాళ్లకు పై తరగతి వాడొకడు అర్థం విడమరిచాడు, ఎందుకూ పనికిరానివాడని. నరసయ్య బడి మానలేదు గానీ ఇంగ్లీషు పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు. పదో తరగతి తప్పాక కారు తోలడం నేర్చుకున్నాడు.

రిటైరైన కొంత కాలానికి మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక పొద్దున ఆయన మంచినీళ్ల కోసం ఎడం చెయ్యి చాపి, భార్య సారా వంక చూసి, స్పష్టంగా "షేమ్ ఆన్ యూ" అన్నాడు. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆయన ముఖంలోనూ అంతే బెదురు. మళ్లీ ప్రయత్నించాడు. "గుడ్ ఫర్ నథింగ్" వచ్చింది.

తెలుగంతా పోయి ఆ తిట్లే మిగిలాయి. నోటికి బాగా అలవాటైనవి ఒక్కోసారి అలా నిలిచిపోతాయని డాక్టరు చెప్పాడు. ఆకలేసినా అవే, ప్రార్థనకు కళ్లు మూసుకున్నా అవే. సారా వంటింట్లో ఉంటే వరండాలోంచి ఆ గొంతు, బడిలో ఉన్నట్టే, తొణక్కుండా వినిపించేది. ఎవరిని నిలబెట్టాడో అని తొంగి చూసేది.

ఆత్మకూరులో ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి నరసయ్య కారు బాడుగకు కుదిరింది. మొదటి రోజు వెనక సీట్లో కూర్చోబెడుతుంటే మాస్టారు అతన్ని గుర్తుపట్టాడు. మణికట్టు పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏదో చెప్పాలని పెదవులు కదిపాడు.

"గుడ్ ఫర్ నథింగ్."

"ఆయన అనేది అది కాదు నరసయ్యా," అంది సారా కంగారుగా. "ఇంకేందో చెప్పాలనుకుంటుండారు."

"తెలుసమ్మా," అన్నాడు నరసయ్య, చెయ్యి విడిపించుకోకుండా. "తెలిసినా చెవికి అదే ఇనపడతాండాది."

కొన్ని వారాలు గడిచాక అతనే ఒకసారి చెప్పాడు. "మిమ్మల్ని దించి వట్టి బండి తోలుకుని పోతుంటే ఎనక సీట్లోంచి సారు ఆ మాట అంటానే ఉంటారమ్మా. అద్దంలో చూస్తే ఎవురూ ఉండరు."

మాస్టారు పక్కనే ఉండి విన్నాడు. ఆ రోజు నుంచి నోరు తెరవలేదు. మాట్లాడితేనే కొత్త మాటలు వస్తాయని డాక్టరు చెప్పినా పెదవులు బిగించేవాడు. నీళ్లు కావాలంటే గ్లాసు చూపించేవాడు. చర్చిలో అందరూ పాట అందుకుంటే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు.

అయినా సారాకు వరండాలోంచి ఆ గొంతు వినపడటం ఆగలేదు. వెళ్లి చూస్తే ఆయన పెదవులు మూసుకునే ఉండేవి. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమండీ, నన్ను ఏదో ఒకటి అనండి. షేమ్ అనైనా అనండి. మీరు అంటే అది మీ నోట్లోంచే వస్తాందని తెలస్తాది. ఇట్టా అయితే నాకు భయంగా ఉండాది."

మాస్టారు ఎడం చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

ఆ తర్వాత నిద్రలో కూడా ఆ చెయ్యి అక్కడే ఉండేది. ఆయన పోయిన ఉదయం దాన్ని నోటి మీద నుంచి తీసి పక్కన పెట్టింది సారానే.