గుండు చేయించిన రోజు వచ్చిన అరవై ఆరు

2023 జూన్. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సత్యవేడు దగ్గరి పల్లె నుంచి ఒకామె పన్నెండేళ్ల కూతురు రేణుకను తీసుకొచ్చి, వేరే క్లినిక్‌లో చేయించిన ఐక్యూ టెస్ట్ రిపోర్టు నా చేతికిచ్చింది. స్కోరు అరవై ఆరు. డెబ్బైకి తక్కువ కాబట్టి పిల్లను స్పెషల్ స్కూలుకు, అంటే ఊరు విడిచి హాస్టల్‌కు, పంపమన్నాడట హెడ్‌మాస్టరు. మళ్లీ ఒకసారి చూడమని ఆమె బతిమాలింది.

ఆ పూట అప్పటికే అలసిపోయి ఉన్నాను. పిల్ల తల మీద అంగుళం మేర పెరిగిన జుట్టు చూసి, గుండు ఎప్పుడు చేయించారని అడిగాను.

"ఆ టెస్టు దినమే మేడం. ముందు సామిని సూసుకుంటే బాగా రాస్తాదని కొండకు నడిసిపోయినాం. రాత్రంతా క్యూలోనే. దిగినాక నేరుగా ఆడికే."

"ఏమైనా తిన్నదా?"

"ఒక్కపొద్దు గదా. లడ్డు రవ్వంత నోట్లో ఏసినాం."

"టెస్టు పెట్టినాయమ్మ అంకెలు సెప్పి తిరిగి సెప్పమంటా ఉంటే నిద్దరొచ్చేసింది," అంది రేణుక.

"టీవీ కాడ మాత్రం రాదు దీనికి," అంది తల్లి.

ఆమెను తప్పుపట్టలేకపోయాను. శుక్రవారాలు మా చర్చిలో ఉపవాస ప్రార్థనలో కూర్చుంటాను. సాయంత్రానికి ఎవరైనా ఫోన్ నంబరు చెబితే నాకు సగమే గుర్తుంటుంది.

ఒకే మనిషిని మళ్లీ కొలిచినా దాదాపు అంతే రావడాన్ని రిలయబిలిటీ అంటాం. ఎంత మంచి టెస్టులోనైనా కొంత ఎర్రర్, అంటే కొలతలో తేడా, తప్పదు. నిద్రలేమి, ఆకలి ఆ తేడాను ఇంకా పెంచుతాయి. వారం తర్వాత కడుపు నిండా తిని, నిద్రపోయి రమ్మన్నాను. అదే టెస్టు మళ్లీ పెడితే అలవాటు వల్ల స్కోరు పెరుగుతుంది కాబట్టి వేరేది పెట్టాను. డెబ్బై నాలుగు వచ్చింది. రిపోర్టులో మాత్రం ఆ తేడాను లెక్కగట్టి, అరవై తొమ్మిది నుంచి డెబ్బై తొమ్మిది మధ్య అని రాశాను.

"ఇంతకీ పాసా ఫెయిలా మేడం?" అంది తల్లి.

హెడ్‌మాస్టరు ఫోన్‌లో విసుక్కున్నాడు. "ఒక నంబరు చెప్పండి మేడం. ఇంత ఎడంగా రాస్తే నేనేం చేసేది?"

ఈ పిల్ల గురించి నాకు తెలిసింది అంతేనన్నాను. ఇంట్లో, బడిలో తన పనులు తాను చేసుకోగలదని, తల్లినడిగి తెలుసుకున్నది కూడా చెప్పాను. చాలాసేపు వాదించి, ఒక్క ఏడాది అదే బడిలో ఉంచి చూస్తామన్నాడు. ఆ మాట చెబితే తల్లి, పిల్ల ఇంటి దగ్గరే ఉంటుందని ఏడ్చేసింది.

ఇప్పటికీ అందరూ ఒక్క నంబరే అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకురావడం అలసటగానే ఉంటుంది. మనిషి పూర్తి కొలత ఎరిగినవాడు దేవుడొక్కడే. ఆయన రిపోర్టులు రాయడు. రాయవలసింది నేను. అందుకే నాకు ఎంతవరకు తెలియదో అది కూడా రాస్తాను.