కంగాణి గారి గోంగూర

పడిపోయిన కుటుంబంలో పుట్టినవాడికి ఆ రోజుల్లో ఒక సౌకర్యం ఉండేది. చేతిలో పస లేకపోయినా నోట్లో ముత్తాత పేరుంటే రోజు గడిచిపోయేది. మా ముత్తాత మలేషియాలో సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో కంగాణి, అంటే కూలీలందరి మీదా పెద్ద. ఆయనకు గుర్రబ్బండి ఉండేదట (గుర్రం సంగతి ఎవరూ చెప్పరు). నా దగ్గరికి వచ్చేసరికి ఆ వైభవం వరస ఇళ్లలో చివరి ఇల్లుగా, టైర్ల కొట్టులో ఉద్యోగంగా, శ్రీకాకుళం నుంచి చుట్టాలు తెచ్చిచ్చే గోంగూర విత్తనాలుగా మిగిలింది. కంగాణి గారి గోంగూర అంటే ముసలివాళ్లు అప్పటికీ లొట్టలు వేసేవారు. అందుకే ఆ ఏడు ఉగాది భోజనాలకు పచ్చడి మా ఇంటి నుంచే వస్తుందని తెలుగువాళ్లందరి ముందూ మాటిచ్చాను.

"మా పెరట్లో ఇత్తనాలు పట్టుకెళ్రా అబ్బాయ్. ఇక్కడి ఎండకీ వానకీ అలవాటు పడినవి" అంది ఎదురింటి అత్త. ఎప్పుడో సంతలో కొన్న విత్తనానికి వంశమేమిటని నేను మర్యాదగా నవ్వి, మా విత్తనాలే ఇంటి ముందు చల్లాను.

మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. అక్కడే ఆగి, గుప్పెడు ఆకైనా వేయకుండా పువ్వు పూశాయి. ఉన్న నాలుగాకులు మాత్రం చేతివేళ్లు చాచినట్టు చక్కగా చీలి ఉండేవి. దారినపోయేవాళ్లెవరో ఫొటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి పోలీసాయన వచ్చాడు. (ఈ దేశంలో గంజాయి దగ్గర ఎవరూ హాస్యమాడరు.) తల్లి వైపు తెలుగువాడట, మన మాట కాస్త వచ్చు.

"ఏటిది?" అన్నాడు.

"గోంగూర" అన్నాను, వెన్ను నిటారుగా పెట్టి.

ఆయన ఎదురింటి గోడ మీదుగా ఊగుతున్న నిలువెత్తు మొక్కలు చూపించాడు. "మా అమ్మ కూడా వండుతాది. అది గోంగూర. ఇది ఇంతే ఉండి పువ్వేటి?"

నా ముందు రెండే దారులు. మా వంశపు విత్తనం ఈ నేల మీద ఎదగదని వీధంతా వింటుండగా ఒప్పుకోవడం, లేదా స్టేషనుకు వెళ్లడం. (ఇప్పుడు చూస్తే ఇది పెద్ద చిక్కు కాదు. అప్పుడు నిజంగానే ఆలోచించాను.)

"జీపు ఎక్కడ ఆపారు?" అని అడిగాను.

ఈలోగా నాయనమ్మ బయటికొచ్చి, సంగతి విని, ఒక ఆకు తుంచి ఆయన చేతిలో పెట్టింది. "నమిలి సూడు తంబీ. పుల్లగుంటాది."

ఆయన నమిలాడు. "పుల్లగానే ఉంది పాటీ. కానీ గంజాయి ఎలాగుంటాదో నేనెప్పుడూ తిన్లేదు."

"అయితే ఇను. ఇది మా దేశం ఇత్తనం. అక్కడ పగలు పొట్టిదయ్యే దాకా పువ్వు రాదు. ఇక్కడ ఏడాదంతా పగలూ రాత్రీ ఒక్కలాగే గదా. మొలిసిన కాడి నుంచే పువ్వుల కాలమొచ్చీసిందనుకుంటాది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాలుగేళ్లు ఏసి సూసినాను, ఒక్క ఏడూ మోకాలు దాటలేదు."

"మరి కంగాణి గారి గోంగూర?" అన్నాను నేను.

"అది కూలోళ్ల ఇళ్ల ఎనకాల కోసుకొచ్చినాదిరా. ఈ ఊరి ఇత్తనం. మా మామ తిన్నదీ అదే. పేరు మనది, ఆకు ఆళ్లది."

ఎదురింటి అత్త గుమ్మంలో నిలబడి అంతా వింది. నాకు అదే కష్టమనిపించింది. పోలీసాయన వెళ్తూ వెళ్తూ వీధి గ్రూపులో రాయించాడు: "గంజాయి కాదు. సరిగ్గా పెరగని గోంగూర."

ఉగాదికి ఆకు అత్త ఇచ్చింది, నాయనమ్మ నూరింది. ముసలివాళ్లు కంగాణి గారి గోంగూరేనని లొట్టలు వేశారు. అత్త నా అరిటాకులో ఇంకో ముద్ద వేసి, "తినరా, వంశం గదా" అంది.

ఇప్పుడు మా ఇంటి ముందు ఈ ఊరి విత్తనమే వేస్తున్నాను. నా తల దాటి పెరుగుతుంది. అడిగినవాళ్లకు మా ముత్తాత తిన్న గోంగూర అనే చెబుతాను. అందులో అబద్ధం లేదు. ఒప్పుకోవడం కన్నా జీపెక్కడమే నయమనుకున్న ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తాడు. పాపం, అంత నిటారుగా నిలబడడానికి వాడికి ఇంకే కారణమూ దొరకలేదు.