ఫుట్‌పాత్ మీద పరీక్ష: సింహాచలం తాత కళ్లకు సరిపడే తెర కోసం చాందినీ దాకా

బెంగాలీల మహానగరంలో, శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనులకు వలసొచ్చినవాళ్లుండే మా ఏక్‌బాల్‌పూర్ సందులో ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు, కొళాయి పక్కన టార్పాలిన్ కింద, ఒకరు తెలుగు పైకి చదువుతారు, పాతికమంది వింటారు. చదివేది సింహాచలం తాత. డాక్‌లో సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఓడ మీద నిలబడి, క్రేన్ నడిపేవాడికి చేతి సైగలతో సరుకు ఎత్తమనీ దించమనీ చెప్పేవాడు. పని ఆగిన వేళల్లో తన కూలీల గ్యాంగుకు కరపత్రాలూ చిన్న పుస్తకాలూ చదివి వినిపించేవాడు. ఆ అలవాటే రిటైరయ్యాక సందులోకి వచ్చింది. నేను తెలుగు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ కొళాయి దగ్గర, ఆయన చదివి పక్కన పెట్టిన కరపత్రాల్లో. ఒక ఆదివారం తాత మూడో పేజీ మధ్యలో ఆగాడు. పుస్తకం ముక్కు దగ్గరకు తెచ్చాడు, దూరం పెట్టాడు, మూసేశాడు. "ఇంక నా వల్ల కాదర్రా" అన్నాడు. శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం చూపు బాగానే ఉంది కానీ చిన్న అక్షరం అలుక్కుపోతోంది. పాత పుస్తకాలు జిరాక్సులో పెద్దవి చేయిద్దామంటే మడతల దగ్గర విరిగిపోతున్నాయి. నేను చదవచ్చు కదా అంటారేమో. ఒకసారి చదివాను. "నువ్వు సదువుతుంటే మమ్మల్ని తిడతన్నట్టుందిరా" అని సగంమంది లేచిపోయారు. నా ఈడు వాళ్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అంటే తాత ఆపితే మా సందులో తెలుగు చదువు ఆగినట్టే.

అందుకే తలా కొంత వేసుకున్నాం. పదివేల లోపు ఒక్క పరికరం కొనాలి. పెద్ద తెర ఫోనా, ట్యాబ్లెట్టా, పుస్తకాలు చదవడానికి మాత్రమే పనికొచ్చే ఈ-రీడరా? వారం రోజులు ఈ ముక్క మీదే మా సందు రెండుగా చీలింది. నా తీర్పు మొదటి రోజే అయిపోయింది: ఈ-రీడర్. ఫోన్ అంటే జేబులో కూర్చున్న యజమాని. పిలిచినప్పుడల్లా పలకాలి. ట్యాబ్లెట్ సోఫాల్లో కాళ్లు చాపుకునేవాళ్ల ఆటబొమ్మ. ఈ-రీడర్‌లో ప్రకటనలు లేవు, పిలుపులు లేవు, ఒకసారి ఛార్జి పెడితే వారాల తరబడి చదువుకోవచ్చు. ఇంత స్పష్టమైన విషయానికి చర్చ ఎందుకని నేను గొంతు చించుకుంటే తాత ఒక్క మాటే అన్నాడు. "సదివేది నీ సిద్ధాంతమా, నా కళ్లా? నాను కూడా వొస్తాను."

ఫోన్లూ కరెంటు సామానూ అమ్మే చాందినీ మార్కెట్ ఆదివారం మూసి ఉంటుంది. మామూలు రోజుల్లో పదకొండు దాటితేగానీ షట్టర్లు పూర్తిగా లేవవు. అందుకని శనివారం పొద్దున పదింటికి బయలుదేరాం. ఖిదిర్‌పూర్ మోడ్ అనే కూడలి దాకా పది నిమిషాల నడక, అక్కడి నుంచి ఎస్‌ప్లనేడ్ వైపు వెళ్లే ఏ బస్సయినా ఎక్కవచ్చు. మనిషికి పన్నెండు రూపాయలు, ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట. కండక్టర్ తలుపు దగ్గర వేలాడుతూ బస్సు రేకు మీద చరుస్తున్నాడు. ఒక దెబ్బకు బస్సు ఆగుతుంది, రెండు దెబ్బలకు కదులుతుంది. తాత మురిసిపోయాడు.

"మా పనీ ఇదేరా. ఇంజిన్ల మోతలో నోరు పనికిరాదు" అంటూ సీట్లోంచే సైగలు చూపించాడు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. అరచెయ్యి చాచి అడ్డంగా ఊపితే ఆపమని. ఆ రెండోది చూసి కండక్టర్ నిజంగానే రేకు మీద ఒక్కటి చరిచాడు. బస్సు రేస్‌కోర్స్ పక్కన, స్టాపు లేనిచోట ఆగింది.

"నామ్‌బేన్, దాదూ?" దిగుతారా తాతా అని కండక్టర్.

"లేదు బాబూ, పాఠం చెబుతున్నా" అని బెంగాలీలో తాత. బస్సంతా నవ్వింది. డ్రైవర్ మాత్రం వెనక్కి తిరిగి ఏదో అన్నాడు, అది ఇక్కడ రాయలేను.

ఎస్‌ప్లనేడ్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాందినీ. ఎండ పడనివాళ్లు మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లవచ్చు, ఐదు రూపాయలు. మేం నడిచాం. సందుల్లో విప్పిన ఫోన్లు, తీగల కట్టలు, చార్జర్ల గుట్టలు. తాత ఓడ దిగిన సరుకు చూసినట్టు తాపీగా చూసుకుంటూ నడిచాడు. మేం వెళ్లింది రోడ్డు వైపు ముఖం ఉన్న ఒక పాత సరుకు దుకాణానికి. యజమానిని అందరూ బాపీదా అంటారు. కౌంటర్ మీద మూడూ వరసగా పెట్టాడు. వాడిన పెద్ద ఫోన్ ఎనిమిదిన్నర వేలు, వాడిన పదకొండు అంగుళాల ట్యాబ్లెట్ తొమ్మిదిన్నర వేలు, వాడిన ఏడు అంగుళాల ఈ-రీడర్ ఆరువేల ఎనిమిది వందలు.

నా ఫోన్లో రెండు రకాల ఫైళ్లు తీసుకెళ్లాను. ఒకటి, పాత కరపత్రాల పేజీలకు తీసిన ఫొటోలు. మా దగ్గరున్నదంతా దాదాపు అవే. రెండోది, అక్షరాలుగా టైపు చేసిన ఫైలు. అలాంటిది ఒక్కటే ఉంది, అదీ నేను రాసిందే. చెత్త ఎత్తే చేతులకు గట్టి తొడుగులు ఉండాలని ఎనిమిది పేజీల కరపత్రం. తాతకు అది నాదని చెప్పలేదు. బాపీదా మూడింట్లోనూ ఎక్కించాడు. తెలుగు ఒత్తులు విడిపోలేదు, అక్షరాల బదులు ఖాళీ గళ్లు పడలేదు. ముందుగా ఈ-రీడర్ తీసి, కాస్త గర్వంగానే, ఒక పాత కరపత్రం ఫొటో తెరిచి తాత చేతిలో పెట్టాను.

తాత చూశాడు. దూరం పెట్టాడు. దగ్గర పెట్టాడు.

"సీమలు పాకతన్నాయిరా."

పెద్దది చేయబోతే తెర ఒకసారి నల్లబడి, తెల్లబడి, పేజీలో ఒక మూల మాత్రం చూపించింది. ఫొటోలో అక్షరం బొమ్మ, దాన్ని విడిగా పెంచలేం. పెంచితే పేజీ మొత్తం పెరిగి తెర దాటిపోతుంది. వారం రోజులు అరిచిన నాకు ఈ సంగతి తట్టనే లేదు. ఫోన్లో పెద్దవి చేస్తే లైను చివరికి వేలితో జరపాలి, వెనక్కి లాగాలి, ఈలోపు తాత ఊపిరి తెగిపోతోంది. ట్యాబ్లెట్‌ను అడ్డంగా పట్టుకుంటే మాత్రం లైను మొత్తం లావాటి అక్షరాలతో నిలిచింది. తాత గడగడా అర పేజీ చదివేశాడు. నా ముఖం మాడిపోయింది.

బాపీదా ట్యాబ్లెట్‌కు డబ్బా వెతుకుతున్నాడు. తాత ఆపాడు. "మేం చదివేది ట్యూబులైటు కింద కాదు బాబూ. బయట వెలుతురులో చదివి చూస్తాను." బాపీదాతో మాటలన్నీ బెంగాలీలోనే సాగాయి, తెలుగులో రాస్తున్నాను.

"కుదరదు. గుమ్మం దాటితే వస్తువు మీది, డబ్బు నాది."

నాకు మండిపోయింది. కొనేవాడికి వెలుతురులో చూసుకునే హక్కు లేదా, చీకటి గదిలో అమ్మేది వ్యాపారమా, మోసమా అని కౌంటర్ గుద్ది మొదలుపెట్టాను. పక్క దుకాణాలవాళ్లు తొంగి చూశారు. బాపీదా చెవిలో వేలు పెట్టుకుని, "ఏయ్ లీడరూ, నేనూ మనిషినే, పోయిన నెల ఒకడు చూస్తానని పట్టుకుని పరుగెత్తాడు" అన్నాడు. అది విన్నాక కూడా నేను అరుస్తూనే ఉన్నాను, ఒప్పుకుంటున్నాను.

తాత నా భుజం పట్టుకుని కౌంటర్ లోపలికి నెట్టాడు. "ఇదిగో బాబూ, వీణ్ని తాకట్టు పెడుతున్నాను. నేను పారిపోతే వీణ్ని అమ్ముకో."

బాపీదా నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దీనికి వారంటీ ఉందా?"

"లేదు. ఛార్జింగ్ మాత్రం ఎప్పుడూ ఫుల్లే."

బాపీదా నవ్వు ఆపుకోలేక స్టూలు చూపించాడు. నేను కూర్చున్నాను. అద్దం తలుపు అవతల ఎండలో తాత, చేతిలో ట్యాబ్లెట్. ఎటు తిప్పినా ఆకాశమూ కరెంటు తీగలే మెరిసినట్టున్నాయి, కళ్లు చికిలించాడు. నా వైపు తిరిగి అరచెయ్యి చాచి అడ్డంగా ఊపాడు. ఆపు. లోపలికొచ్చి దాన్ని కౌంటర్ మీద పెడుతూ తెలుగులో, "అందులో నా మొగమే అగుపిస్తంది. డెబ్బై ఏళ్లుగా సూసినాను, సాలు" అన్నాడు.

ఫోన్ కూడా ఎండలో అంతే. ఇక మిగిలింది ఈ-రీడర్. ఫొటో పేజీలు దాంట్లో చీమలు కాబట్టి టైపు చేసిన ఫైలే తెరిచి, అక్షరాన్ని బాగా లావు చేసి ఇచ్చాను. తాత బయటికెళ్లి గోడకు ఆనుకున్నాడు. దాని తెర కాగితంలా ఉంది, ఎండలో మెరవలేదు. పెదాలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి. నాకేమీ వినపడదు, బస్సుల హారన్లు తప్ప. అప్పుడు ఫుట్‌పాత్ ఊడుస్తున్న ఒకావిడ, చేతిబండి పక్కన పెట్టి, తాత వైపు తిరిగింది. ఏదో అంది. తాత ఏదో అన్నాడు. ఆవిడ చీపురు గోడకు ఆనించి, చెంగుతో ముఖం తుడుచుకుని నిలబడింది. తాత పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. ఒకచోట ఆవిడ పకపకా నవ్వింది. ఇంకోచోట తన రెండు అరచేతులూ ముందుకు చాచి చూసుకుంది. స్టూలు మీంచి లేవబోతే బాపీదా కాలరు పట్టుకున్నాడు, "తాకట్టు కదలకూడదు."

కరపత్రం మొత్తం అయ్యాక తాత తలెత్తాడు. ఎండలో చెయ్యి నిటారుగా లేపి, చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు.

ఎత్తు!

ఓడ మీంచి ఆ సైగ ఎన్ని టన్నులు లేపిందో నాకు తెలియదు. నన్ను మాత్రం స్టూలు మీంచి లేపింది. నేను తలుపు తోసుకుని బయటపడేసరికి ఆవిడ తాతను నిలదీస్తోంది. పేరు ఆదెమ్మ, వాళ్లదీ శ్రీకాకుళం వైపే.

"ఓలమ్మా, రోడ్డు మీద తెలుగు సదవడం ఏటని ఆగినాను. గ్లౌజుల మాట రాసినోడెవుడు? సేతులు సూసి రాసినట్టున్నాడు."

"వీడే" అనలేదు తాత, ఆయనకు తెలియదు కదా. నేనే చెయ్యెత్తాను. తాత నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వా? మరి సెప్పవేటి! బాగా రాసినావు. కానీ ఏటిరా ఆ వాక్యాలు? షాలిమార్ టేసన్లో బండెక్కితే ఇశాపట్నం దాకా ఎక్కడా ఆగదేటి? ఊపిరి ఎక్కడ తీసుకోవాల?"

ఆదెమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఇందాక నవ్వింది కూడా అక్కడేనట. రేపు పొద్దున ఏక్‌బాల్‌పూర్‌లో చదువుతామని తాత చెబితే, ఆదివారం డ్యూటీ తొమ్మిదికే అయిపోతుంది వస్తానంది.

బాపీదా ఐదు వందలు తగ్గించి, ఒక కవరు ఉచితంగా ఇచ్చాడు. "తాకట్టు విడిపించుకున్నందుకు" అన్నాడు. మిగిలినదాంట్లోంచి ఎస్‌ప్లనేడ్ వెనక ఆఫీసుల సందులో ఘుగ్ని తిన్నాం. ఉడికించిన బఠాణీల కూర, పైన కొబ్బరి ముక్కలు, ప్లేటు ముప్పై రూపాయలు. వండే ఆయన తాత చేతిలోని పరికరం చూసి అదేమిటని అడిగాడు. "పుస్తకం" అన్నాడు తాత. "ఎన్ని పేజీలు?" అంటే, "ఇప్పటికి ఎనిమిది." తిరుగు బస్సులో తాత పక్కనే కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం చదివాడు. ఎక్కడ ఆయన ఊపిరి తీసుకున్నాడో అక్కడ నేను ఫోన్లో చుక్క పెట్టాను. ఖిదిర్‌పూర్ వచ్చేసరికి నా కరపత్రంలో వాక్యాలు రెట్టింపయ్యాయి. మాటలు మాత్రం తగ్గాయి.

ఆదివారం తాత చదివాడు. కళ్లజోడు నుదుటి మీదకు కూడా ఎత్తుకోలేదు. ఆదెమ్మ తన వెంట ఇంకో ముగ్గురిని తెచ్చింది. చదువు అయిపోయాక ఒక్కరూ లేవలేదు, మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. నేను గెలిచానా? ఈ-రీడరే కొన్నాం, కాబట్టి గెలిచాను. కానీ నేను చెప్పిన కారణం ఒక్కటీ దాన్ని గెలిపించలేదు. ఎండ గెలిపించింది, తాత ఊపిరి గెలిపించింది. పాత కరపత్రాలన్నీ ఇప్పుడు అక్షరాలుగా మారాలి. చదవడం రాని నా ఈడు వాళ్లు నలుగురు తలా రెండు పేజీలు పంచుకుని, నేను యజమాని అని తిట్టిన ఆ ఫోన్లలోనే టైపు చేస్తున్నారు. ఒక్కో అక్షరం పోల్చుకుంటూ కొట్టాలి కాబట్టి చదవడం దానంతటదే వస్తోంది. ఏ వస్తువూ పుట్టుకతో యజమాని కాదనీ, ఎవరి చేతిలో ఏ పనికి పెట్టామన్నదే అసలు సంగతనీ నాకు ఏ కరపత్రమూ చెప్పలేదు, స్టూలు మీద కూర్చుంటే తెలిసింది.

మీరూ ఇలాంటిది కొనడానికి బయలుదేరితే ఒక్కటే సలహా. మీరు చదవబోయే పేజీలనే వెంట తీసుకెళ్లండి, చదవబోయే మనిషినే తీసుకెళ్లండి, దుకాణం బయట వెలుతురులో పైకి చదివించి చూడండి. వస్తువు గుమ్మం దాటనివ్వనంటే, మీలో ఎక్కువగా అరిచేవాణ్ని తాకట్టు పెట్టండి.